ఎముకను నానోమీటర్లలో చూడాలంటే ఏది మేలు?

అనంతపురంలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ ముగించి, పరారుణ నానో మైక్రోస్కోపీతో జీవకణజాలంపై పీహెచ్‌డీ చేయాలనుకునేవారికి ప్రధానంగా రెండు దారులున్నాయి: ఏఎఫ్‌ఎం-ఐఆర్ (సన్నని సూదితో తడిమి చూసే మైక్రోస్కోపుకు పరారుణ లేజరు జోడించిన పద్ధతి), ఎస్-స్నోమ్ (అలాంటి సూది మొన వెదజల్లే కాంతిని చదివే పద్ధతి). మామూలు పరారుణ మైక్రోస్కోపు కొన్ని మైక్రోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

2005లో ఫ్రాన్స్‌లో అలెగ్జాండర్ డాజీ బృందం వెలువరించిన ఏఎఫ్‌ఎం-ఐఆర్‌లో, లేజరు పల్సును పీల్చుకున్న చోట నమూనా వేడెక్కి రవ్వంత ఉబ్బుతుంది. దానిపై ఆనిన సూది కదులుతుంది. ఆ కదలికే శోషణకు కొలత. వచ్చే వర్ణపటం ఎఫ్‌టీఐఆర్ (ప్రయోగశాలల్లో మామూలుగా వాడే పరారుణ పద్ధతి) వర్ణపటాన్ని పోలి ఉంటుంది కాబట్టి పాత సమాచారంతో సరిపోల్చడం తేలిక.

ఎస్-స్నోమ్ సూది మొన వెదజల్లిన కాంతిని ఇంటర్‌ఫెరోమీటర్‌తో (కాంతి తరంగాలను కలిపి పోల్చే పరికరంతో) పడుతుంది. స్పష్టత 10-20 నానోమీటర్లు. అయితే ఫలితాన్ని విప్పి చెప్పాలంటే సిద్ధాంతంపై గట్టి పట్టుండాలి. గణితమంటే ప్రాణమైతే ఇదే ఎంచుకోండి.

నా మొగ్గు మాత్రం ఏఎఫ్‌ఎం-ఐఆర్ వైపే. మా జిల్లా బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను ఎలా దెబ్బతీస్తుందో చూడాలన్నది నా తపన. పలుచని ఎముక ముక్కలో 1650 సెం.మీ⁻¹ (ఒక సెంటీమీటరులో ఇమిడే కాంతి తరంగాల సంఖ్య) దగ్గర ఎముకలోని ప్రోటీనైన కొల్లాజెన్, 1030 దగ్గర ఖనిజంలోని ఫాస్ఫేట్ పక్కపక్కనే కనిపిస్తాయి. ముక్కను బాగా ఆరబెట్టాలి. నీరు కూడా 1640 దగ్గరే శోషిస్తుంది.