ఆర్‌సింక్ మేలా, యూనిసన్ మేలా? తేల్చేది వేగం కాదు, తొలగింపు

ఇంట్లో ఒక లాప్‌టాప్ ఉంది, దూరంగా ఒక లినక్స్ సర్వరు ఉంది. ఒక ఫోల్డరు రెండుచోట్లా ఒకేలా ఉండాలి, అదీ టెర్మినల్ నుంచే. ఇందుకు ఆర్‌సింక్ (rsync), యూనిసన్ (unison), ఎస్‌సీపీ (scp) అనే ప్రోగ్రాములున్నాయి. ఆర్‌సింక్ వాడాలా, యూనిసన్ వాడాలా, ఎస్‌సీపీ చాలదా అని అడిగేవాళ్లలో చాలామంది వెంటనే "వీటిలో ఏది ఫాస్ట్?" అని కూడా అడుగుతారు. వేగం చూసి ఎంచుకుంటే తప్పు దారి పట్టినట్టే. మారిన ముక్కల్ని మాత్రమే పంపే పద్ధతిని 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ ఆర్‌సింక్‌తో తెచ్చారు. యూనిసన్ కూడా ఫైళ్లను పంపేటప్పుడు అదే పద్ధతిని వాడుకుంటుంది. కాబట్టి లైను మీద వెళ్లే డేటా విషయంలో రెండూ ఇంచుమించు సమానమే.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఒక ఫైలు లాప్‌టాప్‌లో ఉంది, సర్వరులో లేదు. అది లాప్‌టాప్‌లో కొత్తగా పుట్టిందా, లేక సర్వరులో ఎవరైనా తీసేశారా? రెండు ఫోల్డర్లనూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా దీనికి జవాబు దొరకదు. జవాబు కావాలంటే కిందటిసారి రెండూ కలిసినప్పుడు ఏమున్నాయో ఎక్కడో రాసి ఉండాలి. ఆర్‌సింక్ అలా ఏమీ రాసుకోదు. రన్ చేసిన ప్రతిసారీ దానికి అదే మొదటిరోజు. యూనిసన్ మాత్రం రెండు మెషీన్లలోనూ ఆర్కైవ్ ఫైలు పెట్టుకుని, కిందటిసారి స్థితిని అందులో దాచుకుంటుంది. ఏది ఎంచుకోవాలన్నది ఈ ఒక్క తేడాతోనే తేలిపోతుంది.

మీరు ఒకవైపే రాస్తారు, రెండోవైపు నకలు మాత్రమే అనుకోండి. లాప్‌టాప్ నుంచి సర్వరుకు బ్యాకప్, లేదా వెబ్‌సైట్ ఫైళ్లు ఎక్కించడం లాంటివి. ఇక్కడ ఆర్‌సింక్‌ను మించింది లేదు. ఎటు నుంచి ఎటో మీరే చెబుతున్నారు కాబట్టి జ్ఞాపకంతో దానికి పని లేదు. మూలంలో లేనిది గమ్యంలోనూ ఉండకూడదంటే --డిలీట్ ఇస్తే సరి.

ప్రమాదం కూడా ఆ --డిలీట్ దగ్గరే. మూలం పేరు చివర గీత (/) ఉంటే "ఈ ఫోల్డరులో ఉన్నవి" అని అర్థం, లేకపోతే "ఈ ఫోల్డరే" అని అర్థం. 'పనులు' అనే ఫోల్డరును గీత లేకుండా సర్వరులోని హోమ్ డైరెక్టరీకి --డిలీట్‌తో పంపితే అక్కడి 'పనులు' ఒక్కటే సరిపోలుతుంది, మిగతావాటి జోలికి పోదు. అదే గీత చేర్చి పంపితే హోమ్ డైరెక్టరీయే 'పనులు'కు నకలు కావాలని ఆర్‌సింక్‌కు చెప్పినట్టు. అక్కడున్న మిగతావన్నీ పోతాయి, సర్వరులోకి లాగిన్ కావడానికి పెట్టుకున్న ఎస్‌ఎస్‌హెచ్ కీలతో సహా. ఒక్క గీత తేడా అంతే. అందుకే --డిలీట్ ఉన్న ఏ కమాండ్‌నైనా ముందు -ఎన్, -ఐ కలిపి నడపాలి. నిజంగా ఏమీ చేయకుండా, ఏం చేయబోతోందో వరుసగా చూపిస్తుంది. నక్షత్రం గుర్తుతో 'డిలీటింగ్' అని మొదలయ్యే వరుసల్ని మాత్రం ఒక్కొక్కటీ చదవండి.

దీనికన్నా దొంగచాటుగా వచ్చే ప్రమాదం ఇంకొకటి ఉంది. మూలం ఎక్స్‌టర్నల్ డిస్కు మీద ఉంది, ఆ రోజు డిస్కు మౌంట్ కాలేదు. మౌంట్ పాయింట్, అంటే డిస్కులోని ఫైళ్లు కనిపించాల్సిన చోటు, ఖాళీ డైరెక్టరీగా కనిపిస్తుంది. చదవడంలో పొరపాటు వస్తే ఆర్‌సింక్ తనంతట తానే తొలగింపులు ఆపేస్తుంది గానీ, ఖాళీ డైరెక్టరీని చదవడం పొరపాటు కాదు కదా. పెట్టిన టైముకు పనుల్ని తానే నడిపే క్రాన్ రాత్రి రెండు గంటలకు ఈ జాబును నడిపితే తెల్లారేసరికి సర్వరులోని బ్యాకప్ కూడా ఖాళీ. దీనికి రెండు కాపలాలు పెట్టుకోవాలి. --మ్యాక్స్-డిలీట్=50 ఇస్తే యాభై తొలగింపుల దగ్గర చెరపడం ఆపి, మిగతా పని ముగించి, 25 అనే ఎగ్జిట్ కోడ్‌తో (ముగిసేటప్పుడు ప్రోగ్రాం ఇచ్చే అంకెతో) బయటికి వస్తుంది. --బ్యాకప్‌కు తోడు --బ్యాకప్-డిర్ ఇస్తే చెరపబోయేవీ, పైన రాసిపోయేవీ పక్క ఫోల్డరులోకి చేరతాయి. ఆ పక్క ఫోల్డరు గమ్యం లోపల ఉండకూడదు. ఉంటే మరుసటిసారి --డిలీట్ దాన్నీ ఊడ్చేస్తుంది. పూర్తి పాత్ ఇవ్వడం మంచిది.

ఇక రెండువైపులా రాసేవాళ్ల సంగతి. పగలు ఆఫీసు మెషీన్ మీద, రాత్రి ఇంట్లో లాప్‌టాప్ మీద అవే ఫైళ్లు దిద్దుతారు. ఎక్కువమంది చేసేది ఆర్‌సింక్‌ను -ఏయూతో ఒకసారి అటు, ఒకసారి ఇటు నడపడం. 'యు' ఉంది కాబట్టి అవతల కొత్తది ఉంటే దాన్ని ముట్టుకోదు, ఇక భయం లేదని ధీమా. నిజానికి ఇందులో మూడు గుంటలున్నాయి. మొదటిది, తీసేసిన ఫైళ్లు తిరిగి వచ్చేస్తాయి. ఇక్కడ చెరిపినది అక్కడ ఇంకా ఉంది కాబట్టి, అది కొత్త ఫైలే అనుకుని ఆర్‌సింక్ వెనక్కి తెస్తుంది. విసిగిపోయి --డిలీట్ చేర్చారో, అవతల రాసిన నిజమైన కొత్త ఫైళ్లు పోతాయి. రెండోది, ఒకే ఫైలును రెండుచోట్లా దిద్దితే తరవాత సేవ్ చేసింది గెలుస్తుంది, ముందుది మాట్లాడకుండా మాయమవుతుంది. మూడోది గడియారం. లాప్‌టాప్ టైము పది నిమిషాలు ముందుంటే, నిజానికి పాతదైన ఫైలు కొత్తదిగా కనిపించి గెలుస్తుంది. వీటిలో ఒక్కదానికీ స్క్రీన్ మీద ఎర్రర్ రాదు. నాలుగు వారాల తరవాత ఏదో పేరా కనిపించక వెతికినప్పుడు బయటపడుతుంది.

ఇలాంటి పనికి యూనిసనే వాడాలి. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను. దాని ఆర్కైవ్‌లో కిందటి స్థితి ఉంది కాబట్టి ఏది పుట్టింది, ఏది పోయింది, ఏది మారింది అన్నీ దానికి తెలుసు. ఒకవైపే మారితే ఆ మార్పును బాణం గుర్తుతో చూపిస్తుంది. రెండువైపులా మారితే తనంతట తాను నిర్ణయించదు, మిమ్మల్ని అడుగుతుంది. < నొక్కితే కుడివైపుది ఎడమకు, > నొక్కితే ఎడమవైపుది కుడికి, / నొక్కితే అప్పటికి వదిలేస్తుంది. -బ్యాచ్ ఇచ్చి క్రాన్‌లో నడిపినా, తగాదా ఉన్న ఫైళ్లను పక్కన పెట్టి మిగతావి కలుపుతుంది. పైన చెప్పిన ఖాళీ డిస్కు ప్రమాదానికి కూడా అడ్డుంది. ఒకవైపు మొత్తం ఖాళీ అయినట్టు కనిపిస్తే దాన్ని రెండోవైపుకు మోయడానికి మామూలుగా అనుమతి అడుగుతుంది, బ్యాచ్‌లో అయితే ఆగిపోతుంది. ఆర్‌సింక్‌లో మనం గుర్తుపెట్టుకుని చేర్చాల్సిన కాపలా ఇక్కడ ముందే ఉందన్నమాట. ఫైలు పేరు మార్చినప్పుడూ లాభమే. అదే సరుకు అవతల ఇంకో పేరుతో ఉందని పసిగట్టి అక్కడికక్కడే కాపీ చేసుకుంటుంది. ఆర్‌సింక్ మామూలుగా మొత్తం మళ్లీ పంపుతుంది. అవతల పోలికున్న పాత ఫైలును వెతికే --ఫజ్జీ కొంత సాయపడుతుంది గానీ, దాన్ని --డిలీట్-ఆఫ్టర్‌తో కలిపి వాడాలి, లేకపోతే పోల్చుకోవాల్సిన పాత ఫైలే ముందుగా చెరిగిపోతుంది.

యూనిసన్ ఇబ్బందులూ చెప్పాలి. అది రెండు మెషీన్లలోనూ ఇన్‌స్టాల్ అయి ఉండాలి. పాత వెర్షన్లకు రెండువైపులా ఒకే వెర్షన్ కావాల్సి వచ్చేది, ఒక్కోసారి దాన్ని కంపైల్ చేసిన ఓక్యామల్ (యూనిసన్ రాసిన భాష) వెర్షన్ కూడా కలవాల్సి వచ్చేది. చాలామంది దాన్ని వదిలేసింది ఇక్కడే. 2.52 నుంచి ఆ బెడద తీరింది, కాబట్టి రెండుచోట్లా 2.52 గానీ ఆపైది గానీ ఉండేలా చూసుకోండి. సర్వరు వైపు పూర్తి పాత్ ఇవ్వాలంటే హోస్టు పేరు తరవాత రెండు గీతలు (//) పెట్టాలి, ఒక్క గీతే పెడితే హోమ్ డైరెక్టరీ నుంచి లెక్కపెడుతుంది. మొదటిసారి నడిపినప్పుడు ఆర్కైవ్ ఉండదు కాబట్టి, తేడా ఉన్న ప్రతి ఫైలునూ తగాదాగానే చూపిస్తుంది. అందుకని ముందు ఆర్‌సింక్ -ఏతో రెండువైపులా ఒకేలా చేసి, ఆ తరవాత యూనిసన్ మొదలుపెట్టండి. మొదటి రన్ ప్రతి ఫైలునూ చదువుతుంది కాబట్టి నెమ్మదిగా సాగుతుంది, తరవాతివి చకచకా అయిపోతాయి.

ఎస్‌సీపీ ఒకటి రెండు ఫైళ్లు విసరడానికి పనికొస్తుంది. ప్రతిసారీ ఫైలంతా మళ్లీ పంపుతుంది, మధ్యలో తెగితే మొదటికొస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 (2022) నుంచి అది లోలోపల ఎస్‌ఎఫ్‌టీపీ ప్రోటోకాల్‌నే వాడుతోంది. పాత సర్వరుతో పేచీ వస్తే పెద్దక్షరం -ఓ ఇవ్వండి.

ఆర్‌క్లోన్ అనే ఇంకో ప్రోగ్రాము అవతలివైపు కంప్యూటర్ కాకుండా గూగుల్ డ్రైవ్, అమెజాన్ ఎస్3 లాంటి ఆన్‌లైన్ నిల్వలు ఉన్నప్పటికి. దాని 'సింక్' గమ్యంలో చెరుపుతుంది, 'కాపీ' చెరపదు. ఈ రెండిటినీ కలగలపకపోతే చాలు.

ఆర్‌సింక్, యూనిసన్ రెండిటికీ వర్తించే చిన్న సంగతి ఒకటి. కనెక్ట్ అయిన వెంటనే ప్రోటోకాల్ తేడా అంటూ ఎర్రర్ వస్తే, సర్వరులో షెల్ మొదలవగానే నడిచే బ్యాష్‌ఆర్‌సీ (.bashrc) ఫైలులో ఏదైనా ఎకో లైను (స్క్రీన్ మీద మాటలు అచ్చువేసేది) ఉందేమో చూడండి. లాగిన్ పలకరింపుగా పెట్టుకున్న ఆ ఒక్క వాక్యం డేటాలో కలిసిపోయి సంభాషణను చెడగొడుతుంది.

డేటాబేస్ డంప్‌లను రోజూ పంపేవాళ్లు వాటిని మామూలుగా జీజిప్‌తో కుదిస్తే ఆర్‌సింక్ తెలివంతా వృథా. ముందు భాగంలో చిన్న మార్పు జరిగినా ఆ తరవాతి బైట్లన్నీ మారిపోతాయి. జీజిప్‌కు --ఆర్‌సింకబుల్ ఇస్తే ఫైలు కాస్త పెరిగినా, మారిన చోటే మారుతుంది. ఫొటోలు, వీడియోల మీద -జెడ్ (పంపేటప్పుడు కుదించే ఆప్షన్) పెట్టడం దండగ. అవి ముందే కుదించి ఉంటాయి.

తెలుగు పేర్లున్న ఫైళ్ల గురించి కూడా తెలుసుకోవాలి. క్రాన్ లాగులో పేరు బదులు \#340\#260 లాంటి అంకెల వరస కనిపిస్తే ఫైలు పాడైనట్టు కాదు. క్రాన్‌లో లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) యూటీఎఫ్-8 కాకపోవడం వల్ల ఆర్‌సింక్ బైట్లను అలా అచ్చువేస్తోంది. -8 ఇస్తే పేర్లు పేర్లలాగే వస్తాయి. ఇంతకన్నా చిక్కైనది పాత మ్యాక్ డిస్కుల్లో ఉంటుంది. వాటి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లలోని ఐత్వాన్ని విడగొట్టి, ఎత్వం ఒకటి, దాని కింది గుర్తు ఒకటిగా రాస్తుంది. తెలుగులో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. అందుకే 'తెలుగు' అనే ఫైలు సవ్యంగా వెళ్తుంది, 'హైదరాబాద్' అనే ఫైలు మాత్రం సర్వరులో విడగొట్టని పేరుతో ముందే ఉంటే అక్కడ ఒకే పేరుతో రెండుసార్లు కనిపిస్తుంది. --డిలీట్ ఉంటే అక్కడున్నదాన్ని చెరిపి మళ్లీ పంపుతుంది. మ్యాక్ వైపు నుంచి నడుపుతూ --ఐకాన్వ్ ఆప్షన్‌కు ముందు యూటీఎఫ్-8-మ్యాక్, కామా తరవాత యూటీఎఫ్-8 ఇస్తే ఇది కుదురుతుంది. మ్యాక్‌తో చాలాకాలం వచ్చిన 2.6.9లో ఆ ఆప్షనే లేదు, కాబట్టి ముందు హోమ్‌బ్రూ (మ్యాక్‌లో ప్రోగ్రాములు వేసుకునే టూలు) నుంచి 3 సిరీస్ ఆర్‌సింక్ వేసుకోవాలి.