క్యూ గార్డెన్స్‌లో మరియాన్ నార్త్ బొమ్మల ఇల్లు: ఏది దండగ, ఏది గిట్టుబాటు

లండన్‌లో మేం దిగిన హోటల్ సంగతి ముందు కక్కేస్తాను. ఎర్ల్స్ కోర్ట్ వైపు, ముగ్గురికి ఒక గది, రాత్రికి 124 పౌండ్లు. లిఫ్ట్ ఉందని రాశారు. నిజమే, రెండో అంతస్తు దాకా ఉంది. మా గది నాలుగో అంతస్తులో. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు ఆ సన్నటి మెట్లు ఎక్కి, మంచం మీద కూలబడి, ‘అమ్మాయ్, కాస్త టీ’ అన్నారు. చూస్తే గదిలో కెటిల్ లేదు. అడిగితే ఫైర్ రూల్స్ ఒప్పుకోవట! కింద మిషన్ ఉంది, కప్పు 2 పౌండ్ల 80 పెన్నీలు. అందులో వచ్చేది వేడినీళ్ళకి కాస్త రంగు, అంతే. గది మూడింటికి గానీ ఇవ్వలేదు, అప్పటిదాకా సామాను పెట్టుకున్నందుకు పెట్టెకి 5 పౌండ్లు. ఎందుకండీ అంటే రిసెప్షన్‌లో అబ్బాయి ఫోన్ మీంచి తల ఎత్తకుండా ‘పాలసీ’ అన్నాడు. గట్టిగా అడిగినా అదే మాట. బుక్ చేసే ముందు మీరు మాత్రం లిఫ్ట్ ఎన్నో అంతస్తు దాకా, కెటిల్ ఉందా అని మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

మ్యూజియాలూ, బ్రిడ్జీలూ, బస్సులూ అన్నీ బాగానే గడిచాయి. వాటి గురించి అందరూ రాస్తారు.

క్యూ గార్డెన్స్ అంటే లండన్‌లోనే ఉన్న పెద్ద మొక్కల తోట, అక్కడికి వెళ్దామన్నది నేనే. టికెట్ మనిషికి 22 పౌండ్లు అనగానే మా వారి మొహం మాడిపోయింది. రాజమండ్రిలో టింబర్ డిపో ఉన్న మనిషి. ‘చెట్లు చూడ్డానికి డబ్బులిచ్చే రకం కాదు నేను, చెట్లు అమ్మి డబ్బులు తెచ్చే రకం’ అని రైల్లో సగం దూరం సణిగారు. డిస్ట్రిక్ట్ లైన్‌లో క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో దిగితే విక్టోరియా గేటు నడిచి వెళ్ళే దూరమే. లోపలికి వెళ్ళగానే అందరూ అద్దాల తాటివనం వైపు పోతారు. మీరు పోకండి. ఎడమకి తిరిగి టెంపరేట్ హౌస్ అనే ఇంకో అద్దాల మొక్కల ఇంటి వైపు నడవండి. చుట్టూ వరండా ఉన్న ఎర్ర ఇటుకల ఇల్లు కనిపిస్తుంది. అదే మరియాన్ నార్త్ గ్యాలరీ. దీనికి వేరే టికెట్ లేదు.

తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టాక కాసేపు ముగ్గురం మాట్లాడలేదు. పాత ఇళ్ళలో దేవుడి గది గోడంతా పటాలు ఒకదానికొకటి ఆనించి కొట్టినట్టు, నేల దగ్గర చెక్క పలకలు వదిలితే పైదాకా బొమ్మలే. 800 పైచిలుకు ఆయిల్ పెయింటింగులు, అన్నీ మరియాన్ నార్త్ ఒక్కతే వేసినవి. దేశాలవారీగా అమర్చారు. ఆ అమరికా ఆవిడదే, ఇల్లు కట్టించిన ఖర్చూ ఆవిడదే. ప్లాన్ గీసింది మన దేశపు గుళ్ళ గురించి పుస్తకాలు రాసిన జేమ్స్ ఫెర్గూసన్. 1882లో తెరిచారు. వెలుతురు పైన ఉన్న కిటికీల నుంచి వస్తుంది, అందుకే పొద్దున్నే వెళ్ళమంటాను.

మరియాన్ నార్త్ 1830లో ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో పుట్టింది. జమీందారీ కుటుంబం, తండ్రి పార్లమెంటు సభ్యుడు. నాన్నని వదిలి వెళ్ళొద్దని తల్లి పోతూ మాట తీసుకుంది. 1869లో తండ్రి పోయేదాకా ఈవిడ ఆ మాట తప్పలేదు. పెళ్ళి చేసుకోలేదు. 1871లో, నలభై ఏళ్ళ వయసులో, రంగుల పెట్టె పట్టుకుని బయల్దేరింది. జమైకా, అమెరికా, బ్రెజిల్, జపాన్, బోర్నియో, జావా, సిలోన్. ఆస్ట్రేలియా చూడకుండా ప్రపంచపు మొక్కలన్నీ వేశానంటే ఎలా అని డార్విన్ అంటే, 1880లో అక్కడికీ వెళ్ళింది. ఎక్కడికెళ్ళినా పెద్దల సిఫారసు ఉత్తరాలు ఉండేవి, గవర్నర్ల బంగళాల్లో దిగేది. బోర్నియోలోని సారవాక్‌లో అయితే ఏకంగా రాజావారి అతిథి. మాకు ఏ గవర్నరూ ఉత్తరం రాసివ్వలేదు కాబట్టి నాలుగో అంతస్తు ఎక్కాం. డబ్బూ, పరపతీ లేకపోతే ఈ బొమ్మలు లేవు, అది ఒప్పుకోవాలి. కానీ అవి రెండూ ఉన్నవాళ్ళు ఆ రోజుల్లో చాలామందే ఉన్నారు కదా, వాళ్ళలో ఎంతమంది అడవిలో కూర్చుని జలగల మధ్య బొమ్మలేశారు?

బోర్నియోలో వేసిన కూజా మొక్క బొమ్మని వెతికి మరీ చూడండి. పురుగుల్ని పట్టి తినే మొక్క. ఎర్ర మచ్చల కూజాలు, మూతి చుట్టూ చారల అంచు. ఈ బొమ్మ చూసే ఒక నర్సరీ యజమాని మనిషిని పంపి అసలు మొక్కని తెప్పించాడు. దానికి నెపెంథిస్ నార్తియానా అని ఆవిడ పేరే పెట్టారు.

1877 నుంచి 79 దాకా మన దేశంలో చాలా చోట్ల తిరిగింది. కంచన్‌జంగా బొమ్మ దగ్గర జనం ఆగుతున్నారు. అత్తయ్యగారు మాత్రం తామర పువ్వు దగ్గర ఆగి, చెప్పులు విప్పాలా అని అడిగారు. మనం పవిత్రంగా చూసుకునే మొక్కల్ని ఆవిడ ప్రత్యేకంగా వేసిందని చెబితే, ‘మరి మన గోదావరి వైపు రాలేదేం?’ అని నిష్ఠూరం. అటువైపు బొమ్మ మాకు ఒక్కటీ కనబడలేదు.

మా వారు బొమ్మలు చూస్తే ఒట్టు. కింద గోడకి నిలువుగా 246 రకాల కలప ముక్కలు బిగించి ఉన్నాయి, అన్నీ ఆవిడ సేకరించినవే. ఆయన వంగి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, ఒక్కో ముక్కలోని చారలు చూస్తూ ‘ఇది టేకు కాదు’, ‘ఇది మన దగ్గర దొరకదు’ అంటూ మోకాళ్ళ మీద గదంతా తిరిగారు. గార్డు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. 22 పౌండ్ల గొడవ మళ్ళీ ఎత్తలేదు.

ఒక తలుపు పైన టీ మొక్క, ఇంకో తలుపు పైన కాఫీ మొక్క వేసి ఉంటాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళకి టీ, కాఫీ, బిస్కెట్లు ఇవ్వాలని మరియాన్ కోరిక. అప్పటి డైరెక్టర్ జోసెఫ్ హుకర్ కుదరదన్నాడట. సరేనని ఆవిడ ఆ మొక్కల్నే తలుపుల మీద వేసి కసి తీర్చుకుంది. ఈ కథ చెబితే అత్తయ్యగారు పగలబడి నవ్వారు. ‘ఆవిడ కాలంలోనూ పాలసీయేనా!’

తిరిగి వెళ్ళేటప్పుడు తోటలో కాఫీ షాపులో మూడు శాండ్‌విచ్‌లు కొని 20 పౌండ్లు తగలేయకండి. అదే డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే రైలు మారకుండా తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ వెళ్ళొచ్చు, గంట పైనే పడుతుంది. అక్కడ ఒక ఆంధ్రా హోటల్లో పప్పు, గోంగూర, పెరుగుతో భోజనం మనిషికి 9 పౌండ్ల 50 పెన్నీలు, అన్నం ఎంతైనా పెడతారు. వడ్డించే కుర్రాడిది తణుకు. అత్తయ్యగారు వాళ్ళ ఊరు, వీధి, ఇంటిపేరు అన్నీ ఆరా తీసేసరికి మాకు బిల్లులో రెండో పెరుగు లెక్క రాయలేదు.