కసాండ్రా: ఏడాది వాడాక నా అనుభవం

అనంతపురం చుట్టుపక్కల చీనీ తోటల్లో పెట్టిన డ్రిప్ సెన్సర్ల రీడింగులు దాచడానికి ఐదు సర్వర్ల మీద అపాచీ కసాండ్రా అనే డేటాబేస్ నడుపుతున్నాం, ఏడాది దాటింది, నాకైతే చాలా నచ్చింది. ఇందులో మాస్టర్, అంటే మిగతావాటిని నడిపించే పెద్ద సర్వర్ అంటూ ఏదీ ఉండదు. డేటా ఎక్కడ ఉండాలో తేల్చడానికి మనమిచ్చే విలువే పార్టిషన్ కీ, దాన్ని మర్మర్3 అనే హాష్ ఫంక్షన్ (ఒక లెక్క సూత్రం) 64 బిట్ల టోకెన్‌గా, అంటే ఒక సంఖ్యగా మారుస్తుంది, ఆ టోకెన్ ఏ సర్వర్ వాటాలోకి వస్తే డేటా అక్కడికి పోతుంది, కాపీలు 3 అని చెప్పాం కాబట్టి ఇంకో రెండింట్లో కూడా ఉంటుంది. కరెంటు పోయి ఒక సర్వర్ పడిపోయినా కోరం రీడ్‌కి (సగానికి మించిన కాపీల జవాబుతో డేటా చదవడానికి) 3 కాపీల్లో 2 పలికితే చాలు.

కానీ కీ విషయంలో మాత్రం తొందరపడకండి. మొదట మేం మండలం పేరునే కీగా పెట్టాం. నార్పల మండలం రీడింగులన్నీ ఒకే పార్టిషన్‌లో (ఒకే కీ ఉన్న డేటా కట్టలో) పేరుకుపోయి, దాని కాపీలున్న మూడు సర్వర్లు ఊపిరాడక కొట్టుకుంటుంటే మిగతా రెండూ ఖాళీగా కూర్చున్నాయి, ఆ వారం పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. తర్వాత సెన్సర్ నంబరు, తేదీ కలిపి కీ చేశాం, అంతే, లోడు సర్దుకుంది. దీనివల్ల మండలం మొత్తం లెక్క ఒక్క క్వెరీలో రాదు, దానికి వేరే టేబుల్ కట్టుకోవాల్సిందే.

మొన్న ఆరో సర్వర్ కలిపాం, ఏదీ ఆపకుండానే దాని వాటా డేటా దానికి చేరింది. పాత సర్వర్లలో డిస్కు మాత్రం తగ్గలేదు, ఒక్కోదాంట్లో నోడ్‌టూల్ క్లీనప్ (తన వాటా కాని డేటాను తీసేసే కమాండ్) నడిపాకే ఖాళీ అయింది.