కాచిగూడలో పదహారేళ్లు: అమ్మ నడిచిన దారులు

2009లో హైదరాబాద్‌లోని కాచిగూడ చౌరస్తాకు దగ్గర్లో ఒక గల్లీలో అద్దెకు దిగాం. అంతకుముందు మూడేళ్లు ఊరి చివర కొత్త అపార్ట్‌మెంట్లలో ఉన్నాం. గాలి, వెలుతురు, పార్కింగ్, దేనికీ లోటు లేదు. కానీ కొత్తిమీర కట్ట కావాలన్నా బండి తీయాలి. బండి నడపడం రాని అమ్మ, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా బాల్కనీలో కూర్చునేది. ఇల్లు మారింది అందుకే. అందుకని ఈ సమీక్షలో నా మాట కంటే అమ్మ నడక ఎక్కువ కనిపిస్తుంది.

వచ్చిన వారంలోనే అమ్మ దారులు కనిపెట్టేసింది. కూరగాయలకు బడీచౌడీ. జాకెట్ ముక్కలకు, గాజులకు సుల్తాన్ బజార్. సాయంత్రం పేపర్లు చదవడానికి 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. అన్నీ నడిచి వెళ్లే దూరమే. నన్ను అడగకుండా ఇంట్లోంచి బయటికి వెళ్లి రాగలగడం అరవై దాటిన మనిషికి ఎంత ముఖ్యమో ఇక్కడికి వచ్చాకే నాకు అర్థమైంది. కాచిగూడ స్టేషన్ కూడా దగ్గరే కావడంతో తిరుపతి ప్రయాణమంటే మాకు టెన్షన్ ఉండదు. 1916 నాటి ఆ స్టేషన్ భవనాన్ని నేను ఇప్పటికీ ఒక్క నిమిషం ఆగి చూసి గాని లోపలికి వెళ్లను.

ఇక్కడ ఇన్ని భాషలు ఎందుకు వినిపిస్తాయో మొదట్లో తెలిసేది కాదు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో మరాఠీ, కన్నడ జిల్లాలు కూడా ఉండేవి కదా. చదువుకీ నౌకరీకీ అక్కడివాళ్లు ఈ నగరానికే వచ్చేవాళ్లు. కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజార్లకు వ్యాపారులూ చేరారు. అందుకే ఈ చుట్టుపక్కలే మరాఠీవాళ్ల వివేకవర్ధిని విద్యాసంస్థ, కన్నడవాళ్ల నృపతుంగ బడి, గుజరాతీ గల్లీ అన్నీ ఉన్నాయి.

మా మెట్ల మీద కూడా ఇదే కలయిక. ఎదురింటి మరాఠీ ఆవిడ మా పిల్లలకు కాకూ, అంటే మన పిన్ని లాగా. మన ఉగాది రోజే వాళ్లకు గుఢీ పాడ్వా. మా గిన్నెలో ఉగాది పచ్చడి వెళ్తే, అదే గిన్నెలో పూరణ్ పోళీ తిరిగొస్తుంది. మన బొబ్బట్టేనని అమ్మ అంటుంది, కాదని కాకూ అంటుంది. కాకూకి తెలుగు వచ్చు గానీ తిథులు, వంటలు మాత్రం మరాఠీలోనే చెబుతుంది. అమ్మకు అలా వచ్చిన మరాఠీ నాకు ఇప్పటికీ రాలేదు.

ఇక లోపాలు. ఫుట్‌పాత్ అన్న మాటకు ఇక్కడ అర్థం లేదు. ఉన్నచోట దాని మీద సామాన్లు, బళ్లు. మిగిలినచోట పగిలిన రాళ్లు. వానొస్తే ఎక్కడ గుంట ఉందో తెలియదు. పండగ సీజన్‌లో కోఠీ వైపు అడుగు పెట్టడం కష్టం. మెట్రో పనులు సాగినన్నాళ్లు సుల్తాన్ బజార్‌లో దుమ్ము, తవ్వకాలు భరించాం. 2020 ఫిబ్రవరిలో రైలు వచ్చాక నా ఆఫీసు ప్రయాణం సులువైంది కానీ, కింద నడిచేవాళ్ల కష్టం తగ్గలేదు.

2017 వానాకాలంలో అమ్మ అలాంటి పగిలిన రాయి మీదే కాలుజారి పడింది. కుడి మణికట్టు విరిగింది. మూల మీద కుట్టుపని చేసే ముసలాయన మిషన్ వదిలేసి వచ్చి, ఆటో పిలిచి, ఆస్పత్రిలో దింపి నాకు ఫోన్ చేశాడు. నా నంబరు ఆయన దగ్గర ఎలా ఉందంటే, జాకెట్లు ఇచ్చినప్పుడల్లా అమ్మ అక్కడే కూర్చుని కబుర్లు చెప్పేది, ఎప్పుడైనా అవసరమవుతుందని రాసి ఇచ్చింది. ఆ రాయిని అలా వదిలేసినందుకు కోపం నాకు ఇంకా పోలేదు. ఆ ముసలాయన రుణం కూడా తీరలేదు.

కారు ఉన్నవాళ్లకు, నిశ్శబ్దం కావాల్సినవాళ్లకు ఈ చోటు నప్పదు. మా ఇంటి ముందు రాత్రి పదకొండయినా హారన్లు ఆగవు. అదే ఇంట్లో పెద్దవాళ్లుండి, వాళ్లు మీ మీద ఆధారపడకుండా తిరగాలని మీకుంటే తప్పకుండా వచ్చి చూడండి. ఇల్లు చూసేటప్పుడు గదుల కంటే ముందు గేటు నుంచి కూరగాయల బజారు దాకా పెద్దవాళ్లతో కలిసి ఒకసారి నడవండి. వానాకాలంలో అయితే ఇంకా మంచిది.

అమ్మకిప్పుడు డెబ్బై ఎనిమిది. చేతికర్ర వచ్చింది. బడీచౌడీకి పెద్దరోడ్డు మీద వెళ్లడం మానేసి, కాకూతో కలిసి వెనక గల్లీలోంచి వెళ్తోంది.