అంతరకోణాల సూత్రమా, బాహ్యకోణాల 360 డిగ్రీలా: ఏది మేలు?

బహుభుజి లెక్క కనబడగానే చాలామందికి మొదట గుర్తొచ్చేది అంతరకోణాల సూత్రమే. భుజాల సంఖ్యలోంచి 2 తీసేసి 180తో గుణించడం. పంచభుజికి 540°, షడ్భుజికి 720°. రెండో దారి ఇంకా పొట్టిది. ఒక్కో శీర్షం దగ్గర ఒక్కో బాహ్యకోణం (భుజాన్ని పొడిగిస్తే పక్క భుజంతో ఏర్పడే కోణం) చొప్పున కూడితే, భుజాలు ఎన్నున్నా మొత్తం 360°. భుజాలూ కోణాలూ అన్నీ సమానంగా ఉండే క్రమ బహుభుజి అయితే నా ఓటు ఈ రెండోదానికే.

ఒక క్రమ బహుభుజిలో ఒక్కో అంతరకోణం 156°. భుజాలెన్ని? సూత్రంతో వెళ్తే సమీకరణం రాయాలి, 180ని లోపలికి గుణించాలి, పక్షాంతరం చేయాలి. అంతా అయ్యాక భుజాల సంఖ్యకు 24 రెట్లు 360 అని తేలుతుంది. ఈ 24 ఎక్కడిది? 180లోంచి 156 తీసేస్తే మిగిలే బాహ్యకోణమే! ఇంత బీజగణితమూ చేసి చేరింది అక్కడికే. నేరుగా 360ని 24తో భాగిస్తే 15, నోటిలెక్క. అంతరకోణం 145° ఉండే క్రమ బహుభుజి ఉంటుందా అని అడిగినా ఇదే దారి. బాహ్యకోణం 35°, అది 360ని నిశ్శేషంగా భాగించదు. కాబట్టి ఉండదు.

360 ఎందుకంటే, అంచు వెంట నడుస్తూ మూలమూలకూ తిరిగి, మొదలైన చోటికి మొదటి దిక్కుకే మొహం పెట్టి వస్తే ఒక పూర్తి చుట్టు అవుతుంది. 1967లో పుట్టిన లోగో ప్రోగ్రామింగ్ భాషలో, చెప్పినట్టు కదులుతూ తెరమీద గీతలు గీసే ‘తాబేలు’తో క్రమ పంచభుజి గీయించాలన్నా ప్రతి మూలలో 72° తిరగమనాలి. 108 అని రాస్తే ఐదు గీతలు గీసినా బొమ్మ మూసుకోదు.

ఒక్క జాగ్రత్త. బయట మిగిలిందంతా బాహ్యకోణమే అనుకుని 360లోంచి తీసేవాళ్లున్నారు. భుజాన్ని పొడిగిస్తే ఆ పొడిగింపుకీ పక్క భుజానికీ మధ్య వచ్చేది బాహ్యకోణం. తీయాల్సింది 180లోంచి.

భుజాలూ కోణాలూ సమానం కాకపోతే మాత్రం తూకం మారుతుంది. పంచభుజిలో నాలుగు కోణాలు 110°, 95°, 120°, 130° ఇచ్చి ఐదోది అడిగారనుకోండి. 540లోంచి వాటి మొత్తం 455 తీసేస్తే 85°, అంతే. బాహ్యకోణాలతో అయితే నాలుగింటినీ విడివిడిగా 180లోంచి తీసి, కూడి, 360లోంచి తీసి, మళ్లీ 180లోంచి తీయాలి. ఇన్ని తీసివేతల్లో ఎక్కడో ఒకచోట తప్పు దొర్లడం ఖాయం.

ఒక మూల లోపలికి నొక్కుకుపోయిన బొమ్మ అయితే మరీ చిక్కు. బాణం మొనలాంటి చతుర్భుజి తీసుకోండి, కోణాలు 60°, 40°, 220°, 40°. అంతరకోణాల మొత్తం 360°, సూత్రానికి ఏ ఇబ్బందీ లేదు. బాహ్యకోణాలు 120°, 140°, −40°, 140°. ఆ నొక్కు దగ్గర ఎదురువైపు తిరుగుతాం కనుక ఋణ గుర్తు పెట్టాల్సిందే. అది మరిచి కూడితే 440 వస్తుంది. ఇలాంటి బొమ్మ దగ్గర నేను అంతరకోణాలనే నమ్ముకుంటాను.