నార్సింగి–కొల్లూరు సోలార్ ట్రాక్‌పై జట్టు సైకిల్ సవాలు: నా సమీక్ష

చిన్నపిల్లల గుండె శస్త్రచికిత్సలకు నిధులు సమకూర్చేందుకు ఒక స్వచ్ఛంద సంస్థ హైదరాబాదులో నిర్వహించిన జట్టు సైకిల్ సవాలులో మా కార్యాలయం తరఫున నలుగురం పాల్గొన్నాం. ఇటువంటి కార్యక్రమాలను పతకాలను, ఫొటోలను బట్టి కాక, జట్టులో అందరికంటే నెమ్మదిగా తొక్కేవారిని ఎలా చూసుకున్నారు, దాతల డబ్బుకు ఎలా లెక్క చెప్పారు అన్న రెండు విషయాలను బట్టి అంచనా వేయాలని నా అభిప్రాయం. మొదటి విషయంలో నిర్వాహకులు మనసారా మెచ్చుకోదగిన పని చేశారు. రెండో విషయంలో మాత్రం సరిదిద్దుకోవలసింది చాలా ఉంది.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్‌లో నార్సింగి నుంచి కొల్లూరు వరకు ఉన్న 14.5 కిలోమీటర్ల భాగాన్ని ఈ సవాలుకు ఎంచుకున్నారు. పోను రాను 29 కిలోమీటర్లు. పైన సోలార్ పలకల నీడ ఉండటం, లారీల బెడద లేకపోవడం వల్ల, నగరం రోడ్ల మీద సైకిలెక్కడానికి జంకేవారు కూడా ధైర్యంగా పేర్లు నమోదు చేసుకోగలిగారు. కొత్తవారు సాధన చేయడానికి నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు ఉన్న 8.5 కిలోమీటర్ల భాగం సరిపోతుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది, జట్టులోని చివరి సభ్యుడు గీత దాటినప్పుడే జట్టు సమయాన్ని లెక్కించాలన్న నిబంధన. మా జట్టులో అకౌంట్స్ విభాగానికి చెందిన పెద్దావిడ గేర్లు లేని సైకిలుతో వచ్చారు. ముందున్నవారు ఎదురుగాలిని అడ్డుకుంటే వెనుక దగ్గరగా వచ్చేవారికి శ్రమ బాగా తగ్గుతుంది కాబట్టి, మేం ముగ్గురం వంతులవారీగా ముందుకు వెళుతూ ఆవిడను మా వెనుకే ఉంచుకున్నాం. అయితే చక్రానికి చక్రం తగిలితే పడిపోయే ప్రమాదముంది. ఎంత ఎడం పాటించాలో, వంతు మారేటప్పుడు ఎటు తప్పుకోవాలో నిర్వాహకులు ముందే శిక్షణ ఇచ్చి నేర్పించారు. పంక్చర్లు వేసేవారు, మజ్జిగ, ప్రథమ చికిత్స అన్నీ అందుబాటులోనే ఉన్నాయి. కొల్లూరు మలుపు దగ్గర మాత్రం ఆలస్యంగా చేరిన జట్లకు మంచినీళ్లు మిగలలేదు. ఎక్కువగా అలసిపోయి వచ్చేది వాళ్లే కనుక దీన్ని చిన్న లోపం అనలేను.

ఇక డబ్బు సంగతి. ప్రవేశ రుసుమును, విరాళాన్ని కలిపి వసూలు చేసి, మొత్తానికి ఒకే రసీదు ఇచ్చారు. టీషర్టు, పతకం, అల్పాహారం కోసం చెల్లించింది విరాళం కాదు. దానికి, విరాళాలపై ఇచ్చే 80జి ఆదాయపు పన్ను మినహాయింపు కోరడం సరికాదు. అడిగిన తరువాత విడివిడిగా రసీదులు పంపారు, మర్యాదగానే సమాధానమిచ్చారు. పాల్గొనదలచినవారు సంస్థకు 80జి నమోదు ఉందో లేదో ముందే చూసుకోవాలి. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇచ్చిన విరాళానికి ఆ మినహాయింపు వర్తించదు కనుక ఆన్‌లైన్‌లో చెల్లించడం మేలు.

మా జట్టు సేకరించిన మొత్తంలో క్యాంటీన్ సిబ్బంది తలా కొంత వేసిన డబ్బు కూడా ఉంది. అందులో ఏర్పాట్లకు ఎంత ఖర్చయిందో, ఆసుపత్రికి ఎంత చేరిందో వారికి చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది. ఆ లెక్కలు పంపుతామని సంస్థ మాట ఇచ్చింది, ఇంకా అందలేదు. అవి అందేవరకు నిర్వహణకు అయిదింటికి నాలుగు, పారదర్శకతకు రెండు మార్కులు మాత్రమే ఇస్తున్నాను.