గచ్చిబౌలి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు అమలాపురం నుంచి టికెట్టు

2022 నవంబర్ 19న, శనివారం రాత్రి, ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ పోటీల్లో భాగంగా హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగిన హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ మ్యాచ్‌కు అమలాపురం నుంచి ముగ్గురం వెళ్లివచ్చాం. నేను, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, మా బాబాయి. ఆటలో కేరళ జట్టు 1-0తో గెలిచింది. ఆ గోలు ఎలా పడిందో, ఎవరు ఎలా ఆడారో పత్రికల్లో వచ్చింది కనుక నేను దాని జోలికి వెళ్లను. ఇంత దూరం నుంచి టికెట్టు కొనడం ఎలా ఉంటుంది, కొన్న టికెట్టు మనల్ని చివరికి కుర్చీలో కూర్చోబెట్టే లోపల ఏమేం జరుగుతుంది అన్నది మాత్రం ఎవరూ రాసినట్టు నాకు కనబడలేదు. కోనసీమలోను, భీమవరం, నరసాపురం వైపు ఊళ్లలోను పిల్లలు ఫుట్‌బాల్ మీద మనసు పెట్టుకున్న ఇళ్లు కొన్నైనా ఉన్నాయి. వారికి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ సీజన్‌లోనే ఎందుకు వెళ్లామో ముందు చెప్పాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఏర్పడింది. మొదటి సీజన్‌లో పది జట్లలో ఆఖరున నిలిచింది. తరువాతి రెండు సీజన్లు కరోనా కారణంగా మొత్తం గోవాలోనే జరిగాయి కాబట్టి, ఈ జట్టు నిలదొక్కుకుని పైకి వచ్చిన కాలమంతా మన ప్రాంతపు ప్రేక్షకులకు టీవీలోనే గడిచింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఇదే కేరళ జట్టును పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి లీగు కప్పు గెలిచిన రాత్రి, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపుతుంటే మా అమ్మాయి హాల్లో నిలబడే చూసింది, కూర్చోమంటే కూర్చోలేదు. ఛాంపియన్లుగా వాళ్లు తిరిగి హైదరాబాద్‌లో ఆడేటప్పుడు తీసుకువెళతానని అప్పుడే మాట ఇచ్చాను.

బాబాయి కారణం వేరు. ఆయన 1970లలో హైదరాబాద్‌లో చదువుకున్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్లకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం గురించి, 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి అక్కడి పెద్దలు చెప్పగా విన్నవారు. అప్పట్లో మ్యాచ్‌కు వెళ్లాలంటే స్టేడియం కిటికీలో డబ్బులు పెడితే చీటీ చేతిలో పెట్టేవారట. ఇప్పుడు కూడా అలాగే ఉంటుందని ఆయన అనుకున్నారు. అలా లేదు. టికెట్ల అమ్మకం దాదాపుగా ఫోన్‌లోనే సాగుతుంది. గేటు దగ్గరికి వెళ్లి కొనుక్కోవచ్చన్న ధీమాతో కోనసీమ నుంచి బస్సెక్కవద్దని నా మొదటి సలహా.

టికెట్లు అమ్మే యాప్ తెరవగానే మన ఊరు అడుగుతుంది. అమలాపురం ఆ జాబితాలో లేదు కనుక రాజమండ్రి ఎంచుకున్నాను. సినిమాలు కనబడ్డాయి, ఫుట్‌బాల్ ఊసే లేదు. రెండు రోజులపాటు టికెట్లు ఇంకా విడుదల కాలేదనే అనుకున్నాను. ఊరును హైదరాబాద్‌గా మార్చితే తప్ప మ్యాచ్ కనబడదని మా అమ్మాయి కనిపెట్టింది. ఈ యాప్‌లను తయారు చేసేవారి లెక్కలో ప్రేక్షకుడు స్టేడియం ఉన్న ఊళ్లోనే ఉంటాడు. నాలుగు వందల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చేవాడు వాళ్ల లెక్కలో లేడు. ఇది చిన్న లోపమే కావచ్చు, కాని నాలాంటి వాడు మ్యాచ్ లేదనుకుని ఊరుకునే ప్రమాదం ఇందులో ఉంది.

మ్యాచ్ దొరికాక స్టాండ్ ఎంచుకోవాలి. బస్సు టికెట్టు కొనేటప్పుడు కిటికీ పక్క సీటు, ముందు సీటు అని గీతల బొమ్మలో వేలు పెట్టి ఎంచుకుంటాం. ఇక్కడ నేను కొన్న తరగతిలో ఏ స్టాండన్నదే మన చేతిలో ఉంటుంది. ఆ స్టాండ్‌లో ఎక్కడ కూర్చుంటామన్నది ముందుగా వెళ్లినవాడి అదృష్టం. పోనీ స్టాండ్ల పేర్లు చూసైనా ఏది మైదానానికి పొడవు వైపు ఉంటుందో, ఏది గోల్‌పోస్టు వెనుక ఉంటుందో తెలుసుకుందామంటే, ఆ బొమ్మ ఫోన్ తెర మీద అరచేతిలో సగం కూడా లేదు. ఫుట్‌బాల్‌కు ఈ తేడా చాలా ముఖ్యం. పొడవు వైపు కూర్చుంటే జట్టు ఎలా కదులుతున్నదో, బంతి లేని ఆటగాళ్లు ఎక్కడికి పరిగెడుతున్నారో కనబడుతుంది. గోలు వెనుక కూర్చుంటే ఒక సగంలో జరిగేదంతా బారుగా, ఒకరి వెనుక ఒకరు నిలబడ్డట్టే ఉంటుంది. పొడవు వైపే తీసుకోండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే.

డబ్బు కట్టే చోట అసలు ఇబ్బంది ఎదురైంది. మూడు టికెట్లకు, వాటి మీద సౌకర్య రుసుముకు కలిపి యూపీఐలో కట్టాను. బ్యాంకు నుంచి డబ్బు పోయినట్టు సందేశం వచ్చింది. యాప్‌లో మాత్రం టికెట్టు రాలేదు. సహాయానికి రాస్తే యంత్రం పంపిన జవాబు వచ్చింది. నాలుగో రోజున డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చింది కనుక నష్టపోయానని అనను. కాని ఆ నాలుగు రోజులూ ఆగి ఉంటే టికెట్లు మిగులుతాయో లేదోనన్న భయంతో, మర్నాడే మా వీధి చివరి నెట్ సెంటర్‌కు వెళ్లి మళ్లీ కొన్నాను. ఇలా జరిగితే కంగారుపడి అదే ఫోన్ నుంచి వెంటవెంటనే రెండోసారి, మూడోసారి కట్టకండి. ఒక గంట ఆగి, టికెట్టు రాలేదని రూఢి చేసుకున్నాకే మళ్లీ ప్రయత్నించండి.

టికెట్టు ధర సంగతికి వస్తే, మేం తీసుకున్న మూడు టికెట్ల మొత్తం, రావులపాలెం నుంచి హైదరాబాద్‌కు ఏసీ బస్సులో ఒక్కరికి అయ్యే ఛార్జీలో సగం కూడా కాలేదు. దేశంలోని పెద్ద లీగు మ్యాచ్‌ను ఇంత తక్కువకు చూడనివ్వడం నిజంగా మెచ్చుకోదగ్గ విషయం. అయితే ఈ మాటకు మరో వైపు కూడా ఉంది. డెల్టా నుంచి వెళ్లేవారికి అయ్యే ఖర్చులో టికెట్టుదే అన్నిటికంటే చిన్న వాటా. ప్రయాణం, తిండి, సెలవు, ఒక పూట విశ్రాంతికి గది, ఇవన్నీ మ్యాచ్ తేదీ మీద, వేళ మీద ఆధారపడతాయి. అందుకే మనం బేరీజు వేసుకోవలసింది టికెట్టు ధరను కాదు, మ్యాచ్ ఏ రోజు పడిందన్నదాన్ని. సీజన్ మొత్తానికి కలిపి టికెట్టు తీసుకోవడం నగరంలో ఉండేవారికి లాభసాటి కావచ్చు గాని, వారం మధ్యలో పడే మ్యాచ్‌లకు మనం వెళ్లలేం కనుక మనకు పనికిరాదు.

మ్యాచ్ రాత్రి ఏడున్నరకు. వెళ్లేటప్పుడు ఇబ్బంది లేదు. కోటిపల్లి–నరసాపురం లైను ఇంకా పూర్తికాలేదు కనుక అమలాపురానికి రైలు లేదు. శుక్రవారం సాయంత్రం బస్సులో రాజమండ్రి చేరి, అక్కడ గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆ బండి సికింద్రాబాద్‌తో ఆగకుండా లింగంపల్లి దాకా వెళుతుంది. గచ్చిబౌలికి అదే దగ్గర స్టేషను కనుక నగరం నడిబొడ్డున దిగి ట్రాఫిక్‌లో ఈదవలసిన పని తప్పింది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. తిరుగు గౌతమి మ్యాచ్ ముగిసేలోపే లింగంపల్లి వదిలిపోతుంది. రానూపోనూ ఒకే రైలులో చేయవచ్చనుకుని రిజర్వేషన్ చేయించుకుంటే రెండో సగం వదులుకోవాలి. టికెట్టు కొనేముందే రాత్రి పదిన్నర తరువాత బయలుదేరే బస్సులో సీటు ఉందో లేదో చూసుకోండి. బస్సు దొరికాక మ్యాచ్ టికెట్టు కొనండి, అటుది ఇటు చేయకండి. ఒకసారి కొన్న మ్యాచ్ టికెట్టును రద్దు చేసుకునే వీలు లేదని యాప్‌లోనే రాసి ఉంది.

ఇక గేటు దగ్గర జరిగిన సంగతి. నెట్ సెంటర్‌లో మూడు టికెట్లనూ ఒకే కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చారు. కాగితం మిగుల్చుదామన్న మంచి ఉద్దేశమే అయి ఉంటుంది. కాని టికెట్టును తెర మీద ఫొటో తీసి, దాన్ని వాట్సాప్‌లో మరో కంప్యూటర్‌కు పంపి, అక్కడ కుదించి ప్రింటు తీయడంతో, క్యూఆర్ కోడ్ ఒక్కొక్కటీ తపాలా బిళ్లంత అయింది. అందులోని నల్ల చుక్కలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి. చాలదన్నట్టు నేను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను. మడత గీత సరిగ్గా మధ్య కోడ్ మీదుగా పోయింది. గేటు దగ్గరి కుర్రాడు యంత్రాన్ని దగ్గరగా, దూరంగా, పక్కకు తిప్పి మూడుసార్లు చూపించాడు. మోగలేదు. మా వెనుక వరస పెరిగిపోతోంది. “సార్, ఫోన్‌లో ఉందా?” అని మర్యాదగానే అడిగాడు. ఫోన్ తీస్తే, అన్ని వేల మంది ఒక్కచోట చేరడం వల్ల కాబోలు, సిగ్నల్ లేదు, ఈమెయిలు తెరుచుకోలేదు. “ఏరా అబ్బాయ్, ఇంత దూరం వచ్చి గేటు కాడ నిలబడిపోతావేంట్రా?” అన్నారు బాబాయి. అప్పుడు మా అమ్మాయి, “నాన్నా, నేను ఇంటి దగ్గరే సేవ్ చేసి పెట్టాను” అంటూ తన దగ్గరున్న పాత ఫోన్ ఇచ్చింది. అసలు టికెట్లు అందులో ఉన్నాయి. వెలుతురు పెంచి చూపించగానే మూడుసార్లు మోగింది, మూడుసార్లు పచ్చ దీపం వెలిగింది.

కనుక ప్రింటు మీద ఆధారపడకండి. టికెట్టు ఈమెయిలులో రాగానే ఇంటి దగ్గరే ఫోన్‌లో దాచుకోండి, కనీసం రెండు ఫోన్లలో. ప్రింటు కూడా కావాలనుకుంటే ఒక్కో టికెట్టు ఒక్కో కాగితం మీద, అసలు ఫైలు నుంచే తీయించండి.

సంచులు, నీళ్ల సీసాలు, తినుబండారాలు లోపలికి రానివ్వరు. చందానగర్‌లో ఉండే స్నేహితుడికి ఇద్దామని బాబాయి ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకుల పెట్టె చేతిలోనే ఉంది. నియమం నియమమే కనుక మేం వాదించలేదు. బయట టీ అమ్మే ఆయన దాన్ని తన బండి కింద భద్రంగా పెట్టి, మ్యాచ్ అయ్యాక ఇచ్చాడు. రెండు పూతరేకులు తీసి ఆయన చేతిలో పెడితేగాని బాబాయికి మనసొప్పలేదు.

లోపలికి వెళ్లాక మా అమ్మాయి మొదటి వరసల వైపు పరుగెత్తింది. అక్కడ కూర్చుని చూస్తే మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్ ఉంది. ఆటగాళ్లు మనం అనుకున్నంత దగ్గరలో లేరు, పైగా అవతలి అంచు చదునుగా కలిసిపోయి కనబడుతోంది. ఈ స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టినది, అన్ని ఆటలకూ ఉద్దేశించినది. ఫుట్‌బాల్ ఒక్కదాని కోసమే కట్టిన స్టేడియంలో లాగా ముందు వరస ఇక్కడ మేలైన వరస కాదు. పది పదిహేను మెట్లు పైకి వెళ్లి కూర్చున్నాక ఆట పూర్తిగా విప్పారినట్టు కనబడింది. ఒక గంట ముందుగా చేరినందువల్లే ఇలా స్థలం మార్చుకోగలిగాం. ఏడు దాటాక వచ్చినవారికి ఆ వీలు లేదు.

ప్రత్యర్థి జట్టును బట్టి కూడా టికెట్టు ఎంచుకోవాలని అప్పుడే అర్థమైంది. కేరళ అభిమానులు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసేవారే కాక బయటి నుంచి కూడా పెద్ద సంఖ్యలో వచ్చారు. వాళ్ల రంగు పసుపు. హైదరాబాద్ రంగు కూడా పసుపే. చుట్టూ పసుపు చొక్కాలే కనబడుతుంటే, “వీళ్లలో మనోళ్లెవరండీ?” అని బాబాయి పక్కనున్నాయనను అడిగారు. ఆయన మలయాళీ. నవ్వి, జరిగి చోటిచ్చారు. డప్పులు, పాటలు తొంభై నిమిషాలూ ఆగలేదు. చిన్నపిల్లలతో వెళ్లి ప్రశాంతంగా ఆట చూడాలనుకునేవారు కేరళ మ్యాచ్ కాకుండా మరొకటి ఎంచుకోవడం మంచిది. హోరు కావాలనుకునేవారికి దీన్ని మించినది దొరకదు. సంక్రాంతికి మా కోనసీమలో జరిగే ప్రభల తీర్థం నాటి జనసందోహం అలవాటున్న మాకు అది ఇబ్బంది అనిపించలేదు.

ఆ స్టేడియం పేరు చూసి మాత్రం బాబాయి చాలాసేపు కదలలేదు. మన ఎదుర్లంకలో పుట్టి, లోక్‌సభ స్పీకరై, 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూసిన బాలయోగి గారి పేరు అది. యానాం–ఎదుర్లంక వారధికీ ఆయన పేరే. టికెట్టు మీద ఆ పేరు పొట్టి అక్షరాల్లో, ఇంగ్లీషులో మాత్రమే ఉంది. టికెట్టు మీద, యాప్‌లో, గేట్ల సూచనల్లో తెలుగు కూడా ఉంటే బాగుండునని ఆ యాప్ నడిపేవారికి నేను విడిగా రాశాను. ఏ గేటు, ఎన్ని గంటలకు తెరుస్తారు, ఏమేం తీసుకురాకూడదు అన్న మూడు సంగతులు తెలుగులో ఉన్నా చాలు, ఫోన్ వాడకం అంతగా తెలియని పెద్దలు ఒకరి సాయం లేకుండా రాగలుగుతారు.

మ్యాచ్ తొమ్మిదిన్నర లోపే అయిపోయింది. బయట ఆటో దొరకడానికి ముప్పావుగంట పట్టింది. మియాపూర్ వైపు నుంచి వచ్చే బస్సును దాని ముందరి స్టాపులో అందుకుని, ఆదివారం ఉదయం రావులపాలెంలో దిగాం. అమ్మాయి దారంతా నిద్రపోయి, ఆ సాయంత్రం ఖతర్‌లో ప్రపంచకప్ మొదలయ్యే వేళకు టీవీ ముందు సిద్ధంగా ఉంది. శనివారం మ్యాచ్ మరొకటి పడితే టికెట్లు మళ్లీ కొనాలని అప్పుడు అనుకున్నాను, ఈసారి నలుగురికి. వాళ్లమ్మ కూడా వస్తానంది. గురువారం పడితే కొనకూడదనుకున్నాను.